పదికి రెండు

మా వసంతక్కకు పామంటే భయం లేదు. బడి వెనక గోడ దగ్గర ఓసారి పాము కనబడితే పిల్లలు, నేను బల్లలెక్కాం. ఆమె మాత్రం, గొర్లు కాసేవాళ్ల ఇంట్లో పుట్టిన నాకు పామేందంటూ కర్రతో దాన్ని కంపలోకి తోసి వచ్చింది. అలాంటి మనిషి మెమో అన్న మాట వింటే చాలు, ముఖం పాలిపోతుంది. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఒక్క మెమో తీసుకోలేదు. అది ఆమె గొప్ప, ఆమె జబ్బు కూడా.

నేను సుమలతను. మోతె మండలంలో ఆమె సోషల్ చెప్పే హైస్కూల్లోనే లెక్కలు చెబుతాను. ఇద్దరం సూర్యాపేటలో ఉంటాం, ఒకే బస్సులో వచ్చిపోతాం. నాకు కోపమెక్కువ, ఆమెకు భయమెక్కువ. అందుకే మీకు పొత్తు కుదిరిందని మా హెడ్మాస్టర్ జవహర్ సార్ నవ్వుతుంటాడు.

వసంతక్కది నడిగూడెం దగ్గరి పల్లె. ఉద్యోగంలో చేరిన రోజు వాళ్ల నాన్న తిరుపతయ్య, "బిడ్డా, సర్కారు నౌకరి. పైవాళ్లతోటి మాట పడకు" అన్నాడట. ఆయన ఏదో మామూలుగా అని ఉంటాడు. ఈమె ఆ మాటను గట్టిగా పట్టేసుకుంది. మూడేళ్ల కింద ఫోన్‌లో హాజరు వేయబోయి ఏదో నొక్కి, తరగతి మొత్తానికి ఆబ్సెంట్ పడేలా చేసింది. పైనుంచి ఫోన్ వచ్చింది. మెమో రాలేదు కానీ అందరి ముందూ మాట పడింది. అప్పటినుంచి ఫోన్‌ను వేడి పెనం తాకినట్టు ఒక్క వేలితోనే తాకుతుంది. ఇక కంప్యూటర్ గదిలోకి అడుగే పెట్టదు.

ఈ సంవత్సరం తొమ్మిదో తరగతికి సోషల్ ప్రాజెక్టు స్లైడ్ల మీద చేయించమన్నారు. పిల్లలు తమ ఊరి గురించి ఫోటోలు, రికార్డు చేసిన మాటలు, వీడియోలు కలిపి చేయాలి. టీచర్ తెరమీద చూసి, విని, పదికి మార్కులు వేయాలి. వసంతక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తనకు తెలిసిన దారి వెతుక్కుంది. "అందరు మీ స్లైడ్లు ప్రింట్ తీయించుకొని రాండ్రి" అని తరగతిలో చెప్పేసింది. ముప్పై ఎనిమిది మంది కాగితాలు తెచ్చారు. ఎర్ర పెన్ను పట్టుకొని, నోట్సులు దిద్దినట్టే అన్నీ దిద్దింది. నాకు నవ్వొచ్చింది. అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది. నా పేపర్లు దిద్దుకునే తొందరలో ఊరుకున్నాను, అది నా తప్పు.

చాలామంది కోదాడలో ఒకే జిరాక్స్ షాపులో చేయించుకొచ్చారు. అన్నిటికీ ఒకే పూల అంచు, ఆఖర్న ఒకే థాంక్యూ. కాగితం నిండా అక్షరాలున్నాయి కాబట్టి ఎనిమిదులు, తొమ్మిదులు పడ్డాయి. దీవెన మాత్రం ఐదు కాగితాలు తెచ్చింది. ఒక్కోదాని మీద ఒక్కో నల్లటి ఫోటో, మూలన చిన్న స్పీకర్ గుర్తు. ఇంకేమీ లేదు.

పక్క గదిలో ఉన్న నాకు వసంతక్క గొంతు వినబడింది. "ఇదేందే దీవెనా, ఒక్క అక్షరం రాయలే? నోరైతే తెరవవు. కాగితం మీదన్న చెప్పొద్దా?"

దీవెనకు నత్తి. "టీ... టీ..." అని ఆగిపోయింది. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకొని కూర్చుంది. వసంతక్క మొదటి కాగితం మీద రెండు వేసి, చుట్టూ సున్నా చుట్టి, కింద 'విషయం లేదు' అని రాసింది. సాయంత్రానికి మార్కులన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించారు. ఎక్కించింది ఆఫీసులో క్లర్కే, ఆమె కాదు.

వారం తర్వాత, ఒక గురువారం మధ్యాహ్నం జవహర్ సార్ స్టాఫ్ రూంలోకి వచ్చి, "రేపు మోడరేషన్ టీం వస్తున్నది. ఈసారి స్లైడ్లు కంప్యూటర్ల తెరిచి సూస్తరంట" అన్నాడు. మోడరేషన్ అంటే వేరే మండలం హెడ్మాస్టర్లు వచ్చి, ఎక్కువ మార్కులవీ తక్కువ మార్కులవీ తీసి, మనం సరిగ్గా దిద్దామో లేదో చూడటం. వాళ్లు సంతకం పెడితే మార్కులు ఖాయం. ఆ తర్వాత ఎవరూ మార్చలేరు.

వసంతక్క టీ గ్లాసు సగంలోనే కింద పెట్టేసింది. బడి వదిలాక నా కొంగు పట్టుకుంది. "సుమలతా, నేను ఒక్కటి గూడ తెరవలే. జర సూపియ్యి."

ఇద్దరం కంప్యూటర్ గదిలో కూర్చున్నాం. క్లాస్ లీడర్ అందరి ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ముందు తొమ్మిది వచ్చినది తెరిచాను. 'మా ఊరి చెరువు' అన్న చోట రంగుల్లో ఇంత పెద్ద కేరళ పడవ, కొబ్బరి చెట్లు. నలుపు తెలుపు ప్రింట్‌లో అది చెరువులాగే ఉండింది మరి. ఇంకో రోజైతే పడి పడి నవ్వేదాన్ని. తర్వాత దీవెనది తెరిచి స్పీకర్ పెట్టాను.

"ఇవి మా అమ్మ జానమ్మ చేతులు. పొద్దున ఆరింటికి ట్రాలీ ఆటో వస్తది. పదిహేను మంది ఎక్కుతరు. నాటు ఏసేటప్పుడు మా అమ్మ పాట మొదలుపెడ్తది, అందరు అందుకుంటరు."

ఎక్కడా తడబాటు లేదు. కానీ నాలుగు మాటలకోసారి టక్కుమని చిన్న చప్పుడు వస్తోంది. కాసేపటికి నాకు అర్థమైంది. ఒక్కో ముక్క తప్పు లేకుండా వచ్చేదాకా చెప్పి, ఆపి, ముక్కలన్నీ అతికించుకుంది ఆ పిల్ల. బురదలో చేతులు, నీళ్లలో నాని పాసిన గోళ్లు, ఎన్ని వరుసలు నాటితే నడుము పట్టేస్తుందో, అన్నీ చెప్పింది.

ఐదో స్లైడు అయిపోయింది. రికార్డింగ్ మాత్రం ఆగలేదు. ఆపడం మరిచినట్టుంది. లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది. "ఇంకెన్నిసార్లు చెప్తవే? అన్నం సల్లారిపాయె."

"ఉ... ఉండమ్మా. తప్పు పోతే వ... వసంత టీచర్ అందరి ముంగట అంటది. నాకు బ... బయమైతది."

"టీచరమ్మ మంచిదంటరు గదనే."

"మం... మంచిదే. గని బయమైతది."

అక్కడ ఆగింది. వసంతక్క తెర వైపు చూస్తూనే ఉంది. "నన్ను జూసా? సుమలతా, నన్ను జూసి గూడ బయపడేటోళ్లున్నరా?" అంది.

బస్సెక్కాక ఇద్దరం లెక్క వేసుకున్నాం. మార్కు మార్చాలంటే రేపు టీం ముందు ఒప్పుకోవాలి. తప్పు ఎందుకు జరిగిందో రాసివ్వాలి. రాసిస్తే మెమో ఖాయం. నోరు మూసుకుంటే, వాళ్లు ఆ ఫైలు తెరవకుండా సంతకం పెట్టేస్తే, ఆ పిల్లకు రెండు ఖాయం. "ఏం జేద్దమే" అని ఆమె నాలుగుసార్లు అడిగింది. ఆమె దిగాల్సిన స్టాప్ దాటిపోయింది కూడా.

మర్నాడు టీం తరఫున కోదాడ వైపు నుంచి గోవర్ధన్ గారనే హెడ్మాస్టరు ఒక్కరే వచ్చారు. కంప్యూటర్ గదిలోనే టీ తాగి, ప్రింట్లు తిరగేసి తెగ మెచ్చుకున్నారు. "భలే పెట్టారండీ మేడం. ఇక కంప్యూటర్ ఎందుకులెండి, నేను ఇంకా రెండు బడులు చూడాలి." దీవెన కాగితాలు తీశారు. "రెండా? కరెక్టే. ఇందులో ఏముందని?" అంటూ పెన్ను మూత తీశారు.

ఉన్న మాట చెబుతున్నాను, నాకు హాయిగా ఊపిరాడింది. మెమో గండం గడిచిందనుకున్నాను. అప్పుడు నా పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది.

వసంతక్క లేచి నిలబడింది. కొంగు చేతికి మెలిపెట్టుకుంది. "సార్... జర ఆగుండ్రి. నేను తప్పేసిన. ఫైళ్లు సూడలే. కాగితాలే సూసిన."

"ముప్పై ఎనిమిది మందికీ తెరవకుండానే వేశారా?"

"ఏసిన సార్."

"మెమో వస్తుంది మేడం. తెలుసు కదా?"

"తెలుసు సార్." ఆ గొంతు గదిలో అందరికీ వినబడిందో లేదో కూడా నాకు తెలియదు. "ఒక్కటి మాత్రం ఇనుండ్రి."

ఫైలు నేనే పెట్టాను. ఐదో స్లైడు అయిపోతుండగా, ఆ ఆఖరి ముక్క ఎవరూ వినకూడదని మౌస్ మీదికి చేయి పోనిచ్చాను. వసంతక్క నా మణికట్టు పట్టుకుంది. లాక్కోబోయాను. అయినా వదల్లేదు. తన పేరు, ఆ పిల్ల భయం, గదిలో అందరూ విన్నారు. గోవర్ధన్ గారు పెన్ను మూత పెట్టేశారు.

దీవెనను పిలిపించారు. ఇంకో తిట్టుకు సిద్ధపడి, గుమ్మంలోనే ఆగిపోయింది. వసంతక్కే ఎదురెళ్లింది. "తప్పు నాది బిడ్డా. నువ్వు జెప్పిందంత నిన్ననే ఇన్న. నువ్వే చెప్పు, దీనికి ఎంతెయ్యాలె?"

దీవెన నోరు తెరిచింది. ఎవ్వరం నవ్వలేదు, మాట అందించబోలేదు. మాట దానంతటదే వచ్చేదాకా ఆగాం.

"తొ... తొమ్మిది టీచర్."

"పదెందుకొద్దు?"

"మూ... మూడో ఫోటో మసకొచ్చింది."

వసంతక్క రెండు కొట్టేసి తొమ్మిది వేసింది. గోవర్ధన్ గారు పక్కన సంతకం పెట్టి, మిగతావి వారంలో మళ్లీ దిద్ది పంపమన్నారు.

మెమో సోమవారం వచ్చింది. అటెండర్ యాదయ్య సంతకానికి పుస్తకం పట్టుకొని కంప్యూటర్ గదికి పోయాడు, వెనకే నేనూ పోయాను. వసంతక్క ఒక్కతే తెర ముందు కూర్చొని ఉంది, స్పీకర్‌లో ఒక పిల్లాడి గొంతు. మౌస్‌ను గట్టిగా పట్టుకుంది, నుదుటి మీద చెమట. మెమో వైపు చూసింది, ముఖం పాలిపోయింది. అయినా చేయి పైకెత్తి అతన్ని ఆపింది.

"జర ఆగు యాదయ్యా. పిల్లగాడు మాట్లాడుతున్నడు. అయిపోనీ."