రేగు కంప మీద రాయి

హనుమకొండలో ఆదివారం పూట సైకిలు తొక్కడానికి ప్రశాంతమైన బాట ఏదని ఈమధ్య చాలామంది అడుగుతున్నారట. నిన్నగాక మొన్న సైకిలు కొన్నవాళ్ళు కూడా సలహాలు చెప్తున్నారట. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. హసన్‌పర్తి చెరువు దాటాక ఎడమకు దిగే మొరం బాటను మా వాళ్ళకు మొదట చూపించింది నేను. ఆ సంగతి ఎత్తగానే "మళ్ళ మొదలువెట్టిండు" అంటూ లేచిపోతారు. ఎందుకు లేస్తారో నాకు తెలుసు. ఆ బాట గురించి మాట్లాడితే అది రెండుగా చీలే చోటు గురించి మాట్లాడాలి. ఆ చోటు గురించి మాట్లాడితే ఒకాయన జవాబు చెప్పాల్సి వస్తుంది.

డెబ్బైల చివరి మాట. నేను హనుమకొండలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. మా వీధిలోనే ఉండే లెక్కల సారు, చౌరస్తా దగ్గర బట్టల దుకాణం నడిపే, మేము అన్న అని పిలిచే పెద్దమనిషి, నేను, ఆదివారం తెల్లవారగానే సైకిళ్ళు తీసేవాళ్ళం. అన్న దుకాణంలో కూర్చుని కూర్చుని పొట్ట పెంచాడు. డాక్టరు తొక్కమన్నాడు కాబట్టి తొక్కేవాడు. సారు నా కోసం వచ్చేవాడు. అలా అని ఆయనే అనేవాడు. అందుకే ఇంత బాధ.

తారు రోడ్డు వదిలిన తర్వాత ఇక బస్సు మోత వినపడదు. రెండు వైపులా తాటిచెట్లు, వాటి కింద కోతకు వచ్చిన మక్కజొన్న చేన్లు, దూరంగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలున్న గుట్ట. మంచు పడే రోజుల్లో ఆ గుట్ట మొదలు కనపడేది కాదు, పైనున్న బండలు గాలిలో ఆగినట్టు ఉండేవి. ఎదురుగా ఎడ్లబండి వస్తే దిగి పక్కకు నిలబడేవాళ్ళం. బండి వెళ్ళాక కూడా దాని ఇరుసు చప్పుడు చాలాసేపు వినిపించేది. అంత నిశ్శబ్దం.

ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. బాటకు అడ్డంగా ముళ్ళ కంప వేసి ఉంటే ఇటు రావద్దని అర్థం. చదువు రానివాడికి కూడా తెలిసే బోర్డు అది. మేము ఆ పద్ధతిని వాడుకున్నాం. బాట చీలినచోట ముందు వెళ్ళినవాళ్ళు, వెళ్ళకూడని దారికి కంప అడ్డం వేసి పోవాలి. వెనక పడ్డవాడు చూసుకుని రెండో దారిన వస్తాడు. ఈ ఉపాయం కూడా నాదే. దాన్నీ ఎవరూ ఒప్పుకోరు.

ముగ్గురం ఉన్నంతకాలం బాగానే గడిచింది. తర్వాత అన్న తన బావమరిదిని తీసుకొచ్చాడు. కొత్త సైకిలు, డైనమో, ముందు గంటకు బదులు రబ్బరు బుడ్డి హారను. వచ్చిన మొదటి ఆదివారమే నన్ను దాటి ముందు తొక్కాడు. రెండో ఆదివారం బయల్దేరే వేళ మార్చారు, నాకు చెప్పలేదు. అడిగితే "నీకు సారు చెప్పిండనుకున్న" అన్నాడు అన్న. సారు "అన్న చెప్పిండనుకున్న" అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను అది గమనించాను.

సీతాఫలాల కాలం వచ్చింది. గుట్ట కింద పొదల నిండా కాయలు కళ్ళు తెరుస్తాయి. ఆ ఆదివారం గుట్ట దాకా వెళ్ళి, తెచ్చుకున్న సద్ది అక్కడే తిని, కాయలు తెంపుకుని రావాలనుకున్నాం. చెరువు దాటగానే నా సైకిలు చైను ఊడింది.

"మెల్లగ పోతాంటం, నువ్వు ఎక్కించుకుని రా," అన్నాడు అన్న.

"ఆగితే ఏం బోతది?" అన్నాను.

"అన్నా, నువ్వు చైనుతోని కొట్లాడుకుంట రా. మాతోని తర్వాత కొట్లాడుదువు," అని బావమరిది హారను నొక్కి కదిలాడు. అతని వెనక అన్న, అందరి వెనక సారు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

చేతులంతా జిడ్డు చేసుకుని చైను ఎక్కించి, నేను చీలిక దగ్గరికి వచ్చేసరికి గుట్టకు పోయే బాటకు అడ్డంగా రేగు కంప ఉంది. మేము ఎప్పుడూ వెళ్ళే బాటే అది. కంప మీద అరచేతిలో పట్టనంత రాయి. అనుకున్నది మార్చుకున్నారేమో, ముందు బాట ఎక్కడైనా తెగిందేమో అనుకుని రెండో దారిన తిరిగాను. కాసేపటికే అది ఒక మిరప చేనులోకి దిగింది. ముందు చక్రం బురదలో కూరుకుపోయింది. తలగుడ్డ చుట్టుకున్న రైతు కేకలు పెడుతూ వచ్చాడు.

"ఎవలయ్యా నువ్వు? మిరప చేన్ల సైకిలేంది? మూల మీద కంప ఏసిన గదా, కనవడ్తలేదా?"

"ఇటు కంప లేదు కాకా. గుట్ట బాటకు అడ్డం ఉన్నది."

"అటెందుకుంటది? పొద్దుగాల్ల నా చేతులతోని ఏసిన. మేకలు వస్తానయని. మల్ల అటెవలు ఏసిండ్రు?"

ఆ రైతు అడిగిందే నేను ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. వేరే ఏమీ అడగడం లేదు.

సైకిలు లాక్కుని వెనక్కి వచ్చి, కంప పక్కకు నెట్టి, గుట్ట చేరేసరికి వాళ్ళు తిని చేతులు కడుక్కున్నారు. బావమరిది నన్ను చూసి నవ్వాడు. "నువ్వు రాలేదని పిట్టలు గూడ ఖుషీగ పాడుతున్నయ్. జర చెవులకు రెస్టు దొరికింది."

అన్న నవ్వాడు. సారు నవ్వలేదు, తల వంచుకున్నాడు. కంప సంగతి చెప్పాను.

"గాలికి కొట్టుకొచ్చిందేమో తమ్మీ," అన్నాడు అన్న.

"గాలికి కంప రావచ్చు. దాని మీద రాయి కూడా వచ్చిందా?"

అన్న సద్ది గిన్నెకు మూత పెట్టాడు.

తిరిగి వస్తున్నప్పుడు సారు బొటనవేలు నోట్లో పెట్టుకుని ఒంటి చేత్తో తొక్కుతున్నాడు. ఏమైందని అడిగాను. "ఏం లే. కాయలు తెంపుతాంటే ముల్లిరిగింది," అన్నాడు. సీతాఫలం చెట్టుకు ముళ్ళుంటాయా? పక్కన రేగు పొద ఉండి ఉండవచ్చని మా ఇంట్లో వాళ్ళు అన్నారు. ఉండి ఉండవచ్చు. ఆయన మాత్రం అలా చెప్పలేదు.

చాలాకాలం నేను బావమరిదినే అనుమానించాను. తర్వాత తట్టింది. ముందు పోయేవాడు కంప అడ్డం వేస్తే వెనక వచ్చే ఇద్దరూ ఎలా పోతారు? కంప మార్చగలిగేది చివరివాడే. చివరివాడు సారు. బావమరిది మీద అనుమానం పూర్తిగా పోయిందనను. వెనక్కి వచ్చి చేసి ఉండవచ్చు. కానీ వెనక్కి వస్తే సారు చూసి ఉండాలి. ఎటు తిప్పినా లెక్క సారు దగ్గరికే వస్తుంది.

మరుసటి ఆదివారం నేను వెళ్ళలేదు. ఎవరైనా వచ్చి పిలుస్తారని తయారై గుమ్మంలో కూర్చున్నాను. వీధి చివర హారను మోగింది, దూరమైంది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఎనభైలన్నీ ఆ బాట మీద ఒక్కడినే తిరిగాను. చీలిక వచ్చినచోటల్లా దిగి, కంప ఉంటే దాని కింద మట్టి చూసేవాడిని, కొత్తగా వేసిందా పాతదా అని. మోదుగులు పూసిన నెలల్లో కూడా పూలకంటే ముందు నేలనే చూసేవాడిని. అంత అందమైన బాటను నాకు అలా చేసి పెట్టారు.

సారును రెండుసార్లు అడిగాను. ఒకసారి కూరగాయల మార్కెట్లో, ఒకసారి ఆయన కూతురి పెళ్ళి పందిట్లో. మార్కెట్లో "జర ఇడిచిపెట్టు" అన్నాడు. పందిట్లో "ముందు భోంచెయ్" అన్నాడు. భోజనం చేసి వచ్చేసరికి బంధువుల మధ్యలోకి వెళ్ళిపోయాడు.

సారూ, మీరు ఇంకా ఆ వీధిలోనే ఉన్నారు. చూపు బాగుందని, పేపరు చదువుతున్నారని విన్నాను. కాబట్టి ఇది కూడా చదువుతారు. నా మాటలు వినలేక ఒక్క పూట నన్ను వదిలించుకోవాలనిపించిందా? అలాగైతే అలాగే చెప్పండి. అది మీరు కాకపోతే ఎవరో చెప్పండి. మీరు నోరు విప్పేదాకా నేను అడుగుతూనే ఉంటాను. మరిచిపోయానని మాత్రం అనకండి. రాయి ఏరి, కంప మీద పెట్టి, అది కదలదని చూసుకున్న మనిషి మరిచిపోడు. చెప్పండి సారూ, ఆ రాయి ఎవరు పెట్టారు?