నక్షత్రం మీద నల్ల టేపు

హానోవర్ పక్కనున్న మా గేర్డెన్ ఊళ్లో ఐలర్ట్ బ్రింక్‌మన్ సామాను మోయగా చూసినవాడు లేడు. అయినా ఏళ్ల తరబడి మా వీధిలో ఎవరు ఇల్లు మారినా లారీ నడిపింది ఆయనే. మా వయసువాళ్లందరి దగ్గరా పాత బూడిదరంగు లైసెన్సు ఉంది. ఏడున్నర టన్నుల బండి దాకా దాంతోనే నడపొచ్చు. మా దేశంలో చాలా చిన్న లారీలు సరిగ్గా ఆ బరువు దగ్గరే ఆగిపోవడానికి కారణమూ అదే. ఇప్పటి పిల్లల లైసెన్సు అందులో సగానికైనా చాలదు. కాబట్టి వాళ్లు పెద్దవాళ్లను బతిమాలుకోవాలి. ఐలర్ట్ ఉండగా ఇంకొకరిని బతిమాలనివ్వడు.

మేం బీరువాలు మెట్ల మీంచి దించుతూ నడుములు విరగ్గొట్టుకుంటుంటే, ఆయన స్టీరింగు ముందు కూర్చుని, పచ్చి కీమా పూసిన రొట్టె తింటూ, జర్మన్ లారీల చరిత్ర చెప్పేవాడు. బోర్గ్‌వార్డ్ ఎలా మూతపడింది, ఓపెల్ బ్లిట్జ్ ఎలా కనుమరుగైంది, మాగిరుస్ ఎవరి చేతుల్లోకి పోయింది... చచ్చిపోయిన చుట్టాల పేర్లు తలుచుకున్నట్టు వరసగా చెప్పుకొచ్చి, హానోమాగ్ దగ్గర ఆగి గొంతు తడుపుకునేవాడు. బీరుతోనే లెండి.

కుర్రతనంలో ఆయన హానోవర్‌లోని ఆ హానోమాగ్ కార్ఖానాలోనే చేరాడు. కొన్నాళ్లకు దాన్ని హెన్‌షెల్ అనే ఇంకో లారీ కంపెనీతో కలిపారు. ఆ రెంటినీ కలిపి స్టట్‌గార్ట్‌వాళ్లు, అంటే మూడు కోణాల నక్షత్రంవాళ్లు, తీసుకున్నారు. ఆ తరవాత బండ్ల మీద హానోమాగ్ పేరే లేకుండా పోయింది. అప్పట్నుంచీ ఐలర్ట్‌కు నక్షత్రం కనబడితే ఒళ్లు మంట. నక్షత్రమున్న బస్సు ఎక్కడు. వానలో నిలబడి తరవాతి బస్సు కోసం చూస్తాడు. దానికీ నక్షత్రమే ఉంటుంది. తడిసి ముద్దయి ఇంటికి నడిచొస్తాడు. ఇంత పౌరుషం గల మనిషి రిటైరయ్యేదాకా పనిచేసింది ఎక్కడనుకున్నారు? ఆ నక్షత్రంవాళ్ల వర్క్‌షాపులోనే. వాళ్ల పింఛను తింటూ వాళ్లనే తిడతాడు. అడిగితే, లోపలుండి ఓ కన్నేసి ఉంచానంటాడు.

పెరట్లోని షెడ్డులో ఆయనకో కురియర్ అనే పాత హానోమాగ్ మోడల్ లారీ ఉంది. ఆదివారం పొద్దున దాని మీద బేకరీకెళ్లి రొట్టెలు తెస్తాడు. అదే బేకరీకి నడిచెళ్లిన నేను ఆయనకన్నా ముందే ఇంటికొచ్చేస్తాను.

తల్లి పోయాక మనవరాలు వీబ్కెను ఐలర్టే పెంచాడు. ఆ పిల్ల పోయి పోయి స్టట్‌గార్ట్ కుర్రాణ్ణి ప్రేమించింది. పేరు పిర్మిన్. ఉద్యోగం నక్షత్రం కంపెనీలోనే. ఆ సంబంధం నేనే కుదిర్చినట్టు ఐలర్ట్ కొన్నాళ్లు నాతో మాట్లాడటం మానేశాడు. అతని దగ్గరికి వెళ్లిపోవడానికి వీబ్కె సామాను సర్దుకుంది. అద్దెకు దొరికిన లారీ ముక్కు మీద పళ్లెమంత నక్షత్రం.

మన కురియర్‌లోనే వెళదామని ఐలర్ట్ పట్టుబట్టాడు. అది దారిలోని కాసెల్ కొండలెక్కేసరికే పొద్దుగూకుతుందని వీబ్కె అంది. అయితే దారిలో ఏ హోటల్లోనో పడుకుందామన్నాడు. బీరువా పట్టదంది. అమ్మేయమన్నాడు. ముసలాడి పంతానికి పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"తాతా, ఈ లారీ నువ్వు నడిపితే నడుపు. లేదంటే హార్మ్ తాత నడుపుతాడు. నువ్వు గుమ్మంలోంచే టాటా చెప్పు" అంది వీబ్కె.

నేను కావాలనే తాళంచెవి కోసం చెయ్యి చాచాను. ఐలర్ట్ దాన్ని లాక్కుని జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నల్ల టేపు చుట్ట పట్టుకొచ్చాడు. మూలమూలలా నొక్కుతూ నక్షత్రాన్ని పూర్తిగా కప్పేసి, ఇప్పుడిది ఎవరి బండీ కాదని ప్రకటించాడు. మా ఇద్దరి మధ్య వీబ్కెను కూర్చోబెట్టుకుని చరిత్ర మొదలుపెట్టాడు. ఊయల్లో ఉన్నప్పట్నుంచీ విన్న కథే కాబట్టి, ఆయన తడబడిన చోట ఆ పిల్లే అందించింది. కథ ఇంకా హానోమాగ్ దాకా రాలేదు, స్టట్‌గార్ట్ వచ్చేసింది.

పిర్మిన్ గిన్నెడు బంగాళాదుంప సలాడుతో వీధిలోనే ఎదురుచూస్తున్నాడు. టేపు చూసి కంగారుపడ్డాడు.

"బండికి ముందు వైపు దెబ్బ తగిలిందాండీ?"

"ఎప్పుడో తగిలింది" అన్నాడు ఐలర్ట్.

తరవాత, ఎవరూ అడక్కుండానే, వీబ్కె పెట్టె ఒకటి భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. రొప్పుకుంటూ దిగొచ్చి ఇంకోటి ఎత్తుకున్నాడు. వద్దన్న పిర్మిన్ని పక్కకు తోసేశాడు.

ఆ రాత్రికి అక్కడే ఉండి మర్నాడు మేమిద్దరం ఖాళీ బండితో వెనక్కి బయల్దేరాం. కాసెల్ కొండల్ని లారీ ఆయాసమే లేకుండా ఎక్కేస్తోంది. ఇలాంటి అవకాశం నేనెందుకు వదులుకుంటాను?

"ఒప్పుకోవోయ్. మంచి బండే కదా?"

"మంచిదే" అన్నాడు.

 రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే గేరు మార్చాడు.

"మన కురియర్ అయితే ఈపాటికి ఇంకా అటు వెళ్లే రోడ్డు మీదే ఉండేవాళ్లం, హార్మ్" అన్నాడు. "పిల్ల ఇక్కడే, మన మధ్యలో కూర్చుని ఉండేది."