లోపల అన్న మాట

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వెనక గదిలో పనివాళ్ల పసిపిల్లలను చూసుకునే ఆయాను అందరూ వాగుడుకాయ అనేవారు. ఆమె నోరు క్షణం ఊరుకునేది కాదు. ఆ మాటలన్నీ పాకే పిల్లలతోనే. "బంతేదిరా? మంచం కిందకి పోయిందా? అదిగో, తలుపు వెనక నక్కింది! గిన్నెలో వెయ్యి. లోపల... ఆఁ, లోపల!"

కాలర్లు కుట్టే అమ్మాయి కొడుక్కి పాలివ్వడానికి వచ్చి నవ్వేది. "ఏంటక్కా, వాడికేం తెలుస్తుందని?"

"తెలియదు కాబట్టే చెప్తున్నా. తెలిసినవాళ్లకు చెబితే వింటారా ఏంటి?"

పిల్లల్లేని ఆయాకు వాడంటే ప్రాణం. మొదట్లో వాడు పెద్ద గిన్నెను చిన్నదాంట్లో కుక్కబోయి, పట్టక ఏడ్చేవాడు. "లోపల" అన్న మాట చెవిన పడగా పడగా, ఒకరోజు చిన్నదాన్ని పెద్దదాంట్లో దించి, తలెత్తి "లోప" అన్నాడు. "అమ్మ" అనడం కన్నా ముందు. తల్లి కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

తరవాత యజమాని ఆ గదిని అట్టపెట్టెలతో నింపాడు. ఆయాను దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తల్లి పిల్లవాణ్ణి పక్కింటి ముసలమ్మకు అప్పగించింది. ఆవిడ చెడ్డది కాదు, మోకాళ్లు లేవనివ్వవు. మెట్ల మీంచి పడతాడేమోనని వాణ్ణి పాత చీరతో మంచం కోడుకు కట్టి, టీవీ పెట్టి, కునుకు తీసేది.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఆయా చూడబోయింది. వాడు గుర్తుపట్టలేదు. నడుస్తున్నాడు గానీ నోట మాట లేదు. వాడి కళ్లముందే బంతిని చెంబు కింద దాచి "ఏదిరా?" అంది. వాడు ఆమె ఖాళీ చేతినే చూస్తూ ఉండిపోయాడు. గిన్నెలిస్తే విసిరేశాడు.

"చెవులు బాగానే ఉన్నాయంట," అంది తల్లి, తల తిప్పుకుని. "ఇంట్లో ఎవరూ మాట్లాడరా అని డాక్టరమ్మ అడిగింది. నేనొచ్చేసరికి వాడు పడుకునుంటాడక్కా. నిద్రపోయేవాడికి ఏం చెప్పను?"

ఆపైన ఆయా ప్రతి ఆదివారం వెళ్లి, తలుపు వెనక, బల్ల కింద, డబ్బా లోపల అంటూ గొంతు పోయేదాకా చెప్పింది. వాడు ఒళ్లో కూర్చుని కూడా టీవీ వైపు మెడ సాచేవాడు. వారానికొక్క పూట మాటలు చిల్లుకుండలో పోసిన నీళ్లే అయ్యాయి. ఒకసారి మాత్రం ఆమె పెదాలను వేలితో తాకాడు. ఆమె మెల్లగా "లోపల" అంది. వాడి నోట మాట రాలేదు.

అంతలో తల్లికి వేరే ఊళ్లో పని దొరికింది. సామాను ఆటో ఎక్కింది.

"అక్కడ వీణ్ణెవరు చూస్తారే?"

"ఎవరో ఒకరు దొరుకుతారులే అక్కా. దొరక్కపోతే... తాళం వేసుకుని పోతాను."

ఆయా ఆటో కమ్మీ పట్టుకుని ఏదో చెప్పబోయింది. డ్రైవరు తొందరపెట్టాడు. తల్లి భుజం మీద తల వాల్చిన వాడు ఆమె వైపు చూడనైనా లేదు.