స్వరూప వదిలేసిన పేరాలు

2006లో నన్ను నాచారం పారిశ్రామికవాడలో ఒక డేటా కన్వర్షన్ కంపెనీలో క్వాలిటీ సూపర్‌వైజర్‌గా వేశారు. అంతకుముందు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. అక్కడ తప్పు కనిపిస్తే దిద్దడం నా పని. ఇక్కడ దిద్దడమే నేరం. విదేశాల నుంచి పాత కాగితాలు స్కాన్ చేసి పంపేవారు. వాటిని పొల్లు పోకుండా కంప్యూటర్లో కొట్టివ్వాలి. రాసినాయన స్పెల్లింగు తప్పితే మేమూ తప్పుగానే కొట్టాలి. ‘ఉన్నది ఉన్నట్టు’ అనే ఈ నియమాన్ని కొత్తగా చేరినవాళ్ళకు నేనే, కాస్త గొంతు పెంచి మరీ చెప్పేదాన్ని.

ఒకే పేజీని ఇద్దరు ఆపరేటర్లు ఒకరిది ఒకరు చూడకుండా, వేరే వేరే వరుసల్లో కూర్చుని కొట్టేవారు. దీన్ని డబుల్ కీయింగ్ అంటారు. తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ సరిపోల్చి తేడా ఉన్నచోట పసుపు రంగు పూసేది. నేను అసలు పేజీ చూసి ఎవరిది ఒప్పో తేల్చాలి. రెండోవారి పేరు మీద తప్పు పడుతుంది. ఇద్దరూ ఒకేసారి ఒకే తప్పు చేయరన్న నమ్మకం మీదే మా వ్యాపారమంతా నడిచేది.

ఆ వర్షాకాలంలో ఇంగ్లండులోని ఒక చిన్న ఊరి గ్రంథాలయం నుంచి పని వచ్చింది. ఆ ఊళ్ళో ఒక పెద్దాయన తమ స్థానిక పత్రికకు ఏళ్ళ తరబడి వారం వారం అభిప్రాయాలు రాసేవాడు. ఆయన చేతిరాత ప్రతులన్నీ కొట్టిస్తే తమ వెబ్‌సైట్‌లో పెడతామన్నారు. మేమందరం ఆయన్ని ‘ముసలాయన’ అనే అనేవాళ్ళం. మల్లాపూర్ నుంచి వచ్చే స్వరూపకు, చెంగిచెర్ల నుంచి వచ్చే సుజాతకు ఆ పని అప్పగించాను. చేతిరాత చదవడంలో ఇద్దరూ గట్టివాళ్ళే.

సరిగ్గా అప్పుడే మేనేజరు గారు ఒక కబురు చెప్పారు. అచ్చు పేజీలు చదివే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కాబట్టి వాటికిక మనుషులు అక్కర్లేదు. చేతిరాతకు కూడా ఇకమీదట ఒక మనిషి, ఒక మెషీను చాలు. ముసలాయన పని పూర్తయ్యేసరికి ఇద్దరిలో ఎవరి తప్పులు తక్కువుంటే వాళ్ళే ఉంటారు. స్వరూప భర్త పనిచేసిన నాచారం ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

ముసలాయనకు ఏ ప్రధానమంత్రీ నచ్చేవాడు కాదు. ఏ పార్టీ గెలిచినా తిట్టేవాడు. ఎన్నికలప్పుడు తమ వీధి పోస్టాఫీసు గురించి నాయకులు గొప్పలు చెప్పి, గెలిచాక దాన్నే మూసేశారని రాశాడు. ఫోను చేస్తే మనిషి బదులు మెషీను మాట్లాడుతోందని, బస్సులో పక్కవాడు సెల్‌ఫోన్ తప్ప కిటికీ చూడడని మండిపడేవాడు. స్వరూప ఇంటర్ దాకా చదివింది. అర్థం కాని మాటలు టీ వేళలో నన్ను అడిగేది. “మేడం, గీయన మా కౌన్సిలర్ గురించే రాస్తుండు గదా!” అని ఒకరోజు పగలబడి నవ్వింది.

ఒక వ్యాసంలో మా మీదే పడ్డాడు. తమ ఊరి ఉద్యోగాలు ఇండియాకు పోతున్నాయని, సరిగ్గా ఇంగ్లీషు రానివాళ్ళు తమ పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారని రాశాడు. ఆ పేజీలో ఒక్క పసుపు మరక లేదు. ఇద్దరూ ఉన్నది ఉన్నట్టు కొట్టారు. కోపం రాలేదా అని స్వరూపను అడిగాను. “ఆయన బాధ ఆయనది మేడం. కంపెనీ మూసినప్పుడు మా ఇంటాయన గూడ తక్కువ కూలికొచ్చినోళ్లను గట్లనే తిట్టిండు” అంది.

చివరి ఏళ్ళ కాగితాలకు వచ్చేసరికి చేతిరాత వణకడం మొదలైంది. ఒక పేరా రాసి, దాని కిందే మళ్ళీ అదే పేరా రాసేవాడు. పోస్టాఫీసు మీద మొదలుపెట్టి, తన కళ్ళజోడు ఎవరు దాచారని మధ్యలో భార్యను నిలదీసేవాడు. మరో రెండు పేజీల తర్వాత ఆవిడ ఎప్పుడో చనిపోయిందని ఆయనే రాశాడు. స్వరూప నా టేబుల్ దగ్గరికి వచ్చి, “మేడం, గివి గూడ కొట్టాల్నా? అందరు సూసి నవ్వరా?” అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు అన్నాను. సరేనని వెళ్ళింది.

మర్నాడు రిపోర్టు తెరిస్తే తెర నిండా పసుపే. రెండోసారి రాసిన పేరాలు, భార్యతో గొడవలు స్వరూప ఫైల్లో లేవు. సుజాత ఫైల్లో అన్నీ ఉన్నాయి. స్వరూపను పిలిచి, లైన్లు జారిపోయాయా అని అడిగాను. జారాయంటే రిపోర్టు పైకి వెళ్ళేలోపు మళ్ళీ కొట్టే వీలుంది. ఆ మాట కూడా చెప్పాను.

“జారలె మేడం. నేనే ఇడిసిపెట్టిన.”

వాళ్ళ మామగారికీ ఇదే మతిమరుపు జబ్బట. తిన్న వెంటనే కోడలు అన్నం పెట్టలేదని గల్లీలో నిలబడి అరిచేవాడట. “గల్లంత నవ్వుతుండె మేడం. చెయ్యి పట్టి లోపటికి గుంజుకొస్తుంటి. మల్ల పోతుండె. పోయేదాంక ఆయన ఇజ్జత్ నేను కాపాడలేకపోయిన. గీ ముసలాయనను గూడ బజార్ల నిలబెట్టాల్నా? నా చేతితోని కొట్ట.” ఉద్యోగం పోతుందని చెప్పాను. ఎరికే అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కానీ మాట మార్చలేదు.

రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఆమె వదిలేసిన పేరాలన్నీ సుజాత ఫైల్లోంచి తీసి, ఉండాల్సిన చోట ఉంచి, ఇంగ్లండుకు పంపించాను. ఆయన రాతను దాచే హక్కు మాకు లేదు. ఇప్పుడైనా అదే చేస్తాను. అయినా ఆ సాయంత్రం ఉప్పల్ బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. అది స్వరూప కోసమో, ముసలాయన కోసమో నాకే తెలియలేదు. నెలాఖరుకు స్వరూప ఉద్యోగం పోయింది. సుజాత పక్కన మెషీను వచ్చింది. కొన్నేళ్ళకు యూనిట్టే మూతపడింది, నేనూ రిటైరయ్యాను.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్ రింగు రోడ్డు బస్టాపులో స్వరూప కనిపించింది. పోచారంలో ఒక ఐటీ క్యాంపస్‌లో హౌస్‌కీపింగ్ చేస్తోందట. ఒంటి మీద వాళ్ళిచ్చిన నీలం కోటు ఉంది. పిల్లల చదువుల గురించి చెప్పింది. తర్వాత, “మేడం, ముసలాయనవి నేనిడిసిపెట్టినవి మల్ల ఏసిన్రా?” అని అడిగింది.

వేశామన్నాను.

“అయితే అందరు సదివే ఉంటరు” అంది. బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది.

సరిపోల్చే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నాను. తేడాలన్నీ తప్పులు కావని ఆ ఒక్క ఫైలు నాకు నేర్పింది. కానీ మా రిపోర్టులో తప్పు అని రాయడానికి తప్ప ఇంకో గడి ఉండేది కాదు. స్వరూప పేరు అందులోనే రాశాను.