కలెక్టరుగారికి పోసిన ఉప్పునీళ్ళు

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి టీ కొట్టు ముందు నిలబడితే, పాలు విరిగిన వాసన గుప్పున వచ్చింది. వెంట ఉన్న మా ఊరి కుర్రాడు నవ్వి, "కోటేశ్వరరావుగారి టీ, బాబాయ్!" అన్నాడు. వాడు ఆయన పోయాక పుట్టాడు. పిసినారితనంతో కలెక్టరుకు విరిగిన టీ ఇచ్చి ఊరి పరువు తీసిన ప్రెసిడెంటుగానే వాడికి ఆయన తెలుసు. ఆ కథ చెప్పుకొని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే జరిగిందేమిటో నేనే రాయాలి.

డెబ్బైల్లో నేను ఆయన దగ్గర పంచాయతీ గుమాస్తాని. మా ఊరు కాలువకు చిట్టచివర, సముద్రం దగ్గర. బావులన్నీ ఉప్పునీళ్ళే. పప్పు ఉడికేది కాదు, పసిపిల్లలకు విరేచనాలు తగ్గేవి కావు. అయినా చుట్టం వస్తే మాత్రం ఎగువ ఊరి నుంచి బండి మీద పీపాలతో మంచినీళ్ళు తెప్పించేవాళ్ళం. అది మా మర్యాద. నీళ్ళ ట్యాంకు అడగడానికి మొదటిసారి కలెక్టరుగారిని పిలిచినప్పుడూ అదే చేశాం. ఆయన భోంచేసి, గ్లాసెడు నీళ్ళు తాగి, "బాగానే ఉన్నాయే! ఇంతకంటే ఇబ్బందిలో ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి" అని జీపెక్కారు. అవి తెప్పించిన నీళ్ళని చెప్పుకోవడానికి కూడా మాకు సిగ్గు అడ్డొచ్చింది.

మరుసటి ఏడు కొత్త కలెక్టరు వస్తున్నారనగానే నేను బండి కట్టించాను. కోటేశ్వరరావుగారు ఎద్దుల పగ్గం పట్టుకొని ఆపారు.

"విప్పించవయ్యా. మన బావి నీళ్ళతోనే వంట."

ఆయన అన్నగారు వీరయ్యగారు మండిపడ్డారు. "ఇంటికొచ్చిన మనిషికి ఉప్పునీళ్ళు పోస్తావట్రా? ఊరి పరువేం కావాలి?"

"పరువు నిరుడొచ్చినాయన తాగేసి వెళ్ళాడుగా అన్నయ్యా! ఈయన్నన్నా నీళ్ళు తాగనియ్."

బడి వరండాలో కలెక్టరుగారు టీ ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు. గ్లాసులో ఉప్పునీళ్ళకు విరిగిన పాలు పలుకులు పలుకులుగా తేలుతున్నాయి. అందరం తలలు దించుకున్నాం. కోటేశ్వరరావుగారు మాత్రం తన గ్లాసు చివరిదాకా తాగి, "మా పిల్లలు రోజూ తాగేది ఈ నీళ్ళేనండి" అన్నారు. వెనకనుంచి చేపలమ్మే పోలమ్మ అందుకుంది. "మీరు నయం బాబుగారూ, మీకు పాలైనా పోశారు!"

కలెక్టరుగారు నవ్వలేదు. లేచి బావి దగ్గరికి నడిచి, చేదతో తోడించుకొని ఆ నీళ్ళు తాగి చూశారు.

ట్యాంకు వచ్చింది. తర్వాతి ఎన్నికల్లో, ఇంటికొచ్చిన పెద్దమనిషిని అవమానించాడని అదే ఊరు కోటేశ్వరరావుగారిని ఓడించింది. నేను నోరు విప్పలేదు. కొత్త ప్రెసిడెంటు దగ్గర నా ఉద్యోగం నిలవాలి మరి. ఒకరోజు ట్యాంకు దగ్గర, తనను ఓడించినవాళ్ళ వెనకే బిందె పట్టుకొని నిలబడి ఉన్న ఆయన నన్ను చూసి పిలిచారు.

"ఏమయ్యా, ఆ రోజు నీకూ సిగ్గేసిందా?"

"వేసిందండీ."

"నాకూ వేసిందిలే" అని బిందె కుళాయి కింద పెట్టారు.

ఇప్పుడు నేను విజయవాడలో ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తాని. తనిఖీకి పెద్దవాళ్ళు వస్తున్నారంటే, కప్పు కారేచోట పెట్టిన బకెట్టును కుర్రాళ్ళు తీసి దాస్తారు. నేను తెచ్చి మళ్ళీ అక్కడే పెడతాను. ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది. అయినా ఆ వచ్చినవాళ్ళు చూసేదాకా దాని పక్కనుంచి కదలను.