పాస్టరమ్మగారికి చెప్పాల్సిన ముక్క

ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా ఎంతటి మాటైనా చెప్పేయగలనని నా మీద నాకు గట్టి నమ్మకం ఉండేది ఆ రోజుల్లో. మండవల్లి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి మూడేళ్ళయింది. బి.ఇడి. చదివేవాళ్ళు పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి మా బడికి వస్తే, వాళ్ళలో ఒకావిణ్ణి హెడ్‌మిస్ట్రెస్ గారు నాకు అప్పగించారు. ఆవిడ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కొల్లేటికోటలో పాస్టరుగారి భార్య. పిల్లలు చేతికందాక, టీచరు కావాలన్న పాత కోరిక తీర్చుకోవడానికి మళ్ళీ చదువులో చేరారట. బడి బడంతా పాస్టరమ్మగారనే పిలిచేది. (ఆవిడ నన్ను రెండో రోజే "బాబూ" అనేసి, నాలిక్కరుచుకుని "మాస్టారూ" అని దిద్దుకున్నారు.)

గొంతు బాగుండేది, పిల్లలంటే ప్రాణం. చిక్కల్లా ఒక్కటే. ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరిచేలోగా జవాబు తనే చెప్పేసేవారు. "ఆకు పచ్చగా ఎందుకుంటుంది? పత్రహరితం వల్ల!" వారం తిరిగేసరికి క్లాసులో చేతులు లేవడం మానేశాయి. "చివరి పాఠానికి బయట నుంచి ఎగ్జామినరు వస్తారు. ఇలాగే చెబితే ఆవిడ పరీక్ష తప్పుతారండీ. మీరే నచ్చజెప్పాలి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

ఎంతో జాగ్రత్తగా మొదలుపెట్టాను. "మీ జవాబులు చాలా బాగుంటున్నాయండీ. పిల్లలక్కూడా కాస్త అవకాశం ఉంటే బాగుండునని కొంతమంది అంటుంటారు..." ఆవిడ జాలిగా చూశారు. "కొంతమంది అలాగే అంటారండీ. మీరేం మనసులో పెట్టుకోకండి." నన్ను ఓదార్చి వెళ్ళి, మర్నాడు రెట్టింపు ఉత్సాహంతో రెట్టింపు జవాబులు చెప్పారు. నేను ఏం చెప్పానో, ఆవిడ ఏం విన్నారో నాకే అయోమయంగా ఉంది.

రెండోసారి కాగితం మీద రాసుకుని మరీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నాను. "మీతో ఒక కష్టమైన విషయం మాట్లాడాలండీ," అన్నానో లేదో, "నేను ముందే అనుకున్నానండీ, నాలుగు రోజులుగా మీ మొహం బాలేదు. పెళ్ళి సంబంధం తప్పిపోయిందా?" అంటూ కళ్ళు మూసుకుని నాకోసం ప్రార్థన మొదలుపెట్టారు. మర్యాద కాదని నేనూ కళ్ళు మూసుకున్నాను. చివర్లో ఆమెన్ కూడా అన్నాను. అప్పుడే లోపలికొచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గారు, "మాట్లాడటం అయిందాండీ?" అనడిగితే, "అయిందండీ," అన్నాను.

పరీక్ష ముందు రోజు సాయంత్రం బస్టాండులో ఆవిడ బస్సు కోసం నిలబడి ఉంటే, ఇక దాచుకోలేక ఒక్కసారిగా అరిచినట్టే అనేశాను. "మీరు పిల్లల్ని నోరు తెరవనివ్వడం లేదండీ!" ఆవిడ మొహం చిన్నబోయింది. ఏదో అనబోయారు. ఇంతలో బస్సొచ్చింది. ఎక్కి వెళ్ళిపోయారు. బాధపడ్డారో, కోపమొచ్చిందో, రేపసలు వస్తారో రారో ఏమీ అర్థం కాలేదు.

వచ్చారు. నా వైపు చూడకుండా పాఠం మొదలుపెట్టారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు నా పక్కనే వెనక బెంచీ మీద కూర్చున్నారు. "తెల్లారగట్ల చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఎందుకూ?" అని అడిగి, ఆవిడ పెదాలు బిగించి నిలబడ్డారు. పిల్లలు అలవాటుకొద్దీ ఆవిడే చెబుతారని చూస్తున్నారు. ఆవిడ చెప్పరు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఎగ్జామినరు గారే, "నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోయి..." అనేశారు.

"అయ్యో, పిల్లల్ని చెప్పనివ్వండి సార్!" అన్నారు పాస్టరమ్మగారు.

క్లాసంతా గొల్లుమంది. ఎగ్జామినరు గారూ నవ్వేశారు. ఆ నవ్వుతో పిల్లల బెరుకు పోయింది. "మబ్బు పట్టిన్రోజు ఇంకా ఎక్కువ తేల్తాయండీ!" "నీళ్ళలోకి గాలెక్కాలని మా నాన్న ఏరియేటర్లు తిప్పుతాడండీ!" ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆవిడ పాసయ్యారు. వెళ్ళేముందు నా దగ్గరకొచ్చి, "ఈ ఒక్క ముక్కకి ఇన్నాళ్ళు పట్టిందాండీ మీకు? మీ పెళ్ళి గురించి మా సంఘమంతటి చేతా ప్రార్థన చేయించేశాను," అన్నారు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ట్రైనీలతో ఇబ్బందికరమైన విషయాలు ఎలా మాట్లాడాలో చెప్పమని, మొన్న నన్నే ఏలూరు పిలిచారు. గంటసేపు మాట్లాడాను. అయ్యాక ముందు వరసలోంచి ఒక కుర్ర టీచరమ్మ లేచి, ఎంతో వినయంగా, "బాగా చెప్పారండీ సార్. ఇంతకీ మమ్మల్ని ఏం చెయ్యమంటారండీ?" అంది.