రెండు పాదాలూ నార్మల్

నేను కాకినాడలో ఎంబీబీఎస్ చదివాను. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో డాక్టర్ని కాను. ఈ రెండు వాక్యాల మధ్య పదకొండేళ్ళు, ఇక్కడి పరీక్షలు, ఒక కూతురు, ఇక్కడి హాస్పిటల్స్‌లో రెసిడెన్సీ ట్రైనింగ్ కోసం పంపిన దరఖాస్తులు, వాటికి వచ్చిన మర్యాదైన జవాబులు ఉన్నాయి. ఆ కథ చెప్పుకుని ఏడ్చే అలవాటు నాకు లేదు. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే నాలాంటి డాక్టర్లు ఇంకో ఇద్దరుండేవాళ్ళు. ఒకావిడ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే డేకేర్ పెట్టింది, ఇంకొకావిడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంది. నేను హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో చేరాను. డాక్టర్లు చెప్పేది కంప్యూటర్ వాళ్ళకి, కంప్యూటర్ వాళ్ళు చెప్పేది డాక్టర్లకి అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగం. ఇద్దరికీ నా మీద పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు.

రెండువేల పన్నెండు, పదమూడు ప్రాంతంలో మా కంపెనీకి పల్లెటూరి క్లినిక్కులని కొత్త పద్ధతిలోకి మార్చే పని వచ్చింది. పాత పద్ధతిలో ఎంతమంది పేషెంట్లని చూస్తే క్లినిక్‌కి అంత డబ్బు. కొత్త పద్ధతిలో, చూసినవాళ్ళు ఎంత బాగున్నారన్నది లెక్క. షుగర్ అదుపులో ఉందా, బీపీ అదుపులో ఉందా, కళ్ళు పరీక్ష చేశారా, పాదాలు పరీక్ష చేశారా, ఇలా ఒక్కోదానికి ఒక అంకె. అంకెలు బాగుంటే క్లినిక్ నిలబడుతుంది. లేకపోతే ఊళ్ళో డాక్టరే ఉండడు. చెడ్డ ఆలోచన కాదు. జరిగిందంతా జరిగాక కూడా నేను దాన్ని చెడ్డ ఆలోచన అనను.

నాకు మొదట అప్పగించిన క్లినిక్ పెన్సిల్వేనియా కొండల్లో ఉంది. ఎనభై నంబర్ హైవే మీద పడమరగా నాలుగు గంటలు డ్రైవ్ చేయాలి. ఒకప్పుడు హార్డ్‌వేర్ షాపుగా ఉన్న బిల్డింగ్. డెబ్భై దాటిన డాక్టర్ ఒకాయన, అరవైకి దగ్గరపడ్డ నర్సు ఒకావిడ. ఆవిడ మొదటిరోజు నుంచీ నన్ను డాక్టర్ అని పిలిచింది. కాదండీ అని రెండుసార్లు చెప్పాను.

"చదివావా, చదవలేదా?" అంది.

"చదివాను."

"అయితే డాక్టరువే. నాతో వాదించకు."

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. కానీ నాకు గుర్తున్నది తెలుగులో, అదీ మా మేనత్త గొంతుతో. ఎందుకో తెలియదు.

ఆ క్లినిక్‌లో ఒక ఆచారం ఉండేది. షుగర్ ఉన్న పేషెంట్ గదిలోకి రాగానే నర్సు ముందు పలకరించేది కాదు, "బూట్లు, సాక్స్" అనేది. వాళ్ళు విప్పేవాళ్ళు. విప్పలేనివాళ్ళకి ఆవిడే నేలమీద కూర్చుని విప్పేది. వేళ్ళ సందులూ మడమలూ చూసి, ఆ తర్వాతే బీపీ పట్టీ చుట్టేది. డాక్టర్ వచ్చేసరికి పేషెంట్ వట్టి కాళ్ళతో ఉండేవాడు. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. దెబ్బ తగిలినా తెలియదు. అందుకని ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి. ఆ ఊళ్ళో షుగరున్నవాళ్ళంతా అపాయింట్‌మెంట్ రోజున కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, కొత్త సాక్స్ వేసుకుని వచ్చేవాళ్ళు, పెళ్ళికి వచ్చినట్టు.

అందరికన్నా ఎక్కువ టైమ్ పట్టేది పాల డెయిరీ ఆయనకి. డెబ్భై ఆవులు, పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. పొద్దున పాలు పితికి, సాయంత్రం పాలు పితికేలోపు క్లినిక్‌కి వచ్చేవాడు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. వాటిని నర్సు రెండు చేతులతో లాగాల్సి వచ్చేది. నేను గోడకి ఆనుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ఏ పనికి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసుకుంటున్నాను. ఆయన నన్ను చూసి, "ఈవిడెవరు? నా బూట్లకి పరుగుపందెం పెట్టిందా?" అన్నాడు. నర్సు పకపకా నవ్వింది. నేను నాలుగు నిమిషాలు అని రాసుకున్నాను.

మొదటి రిపోర్ట్‌లో ఆ క్లినిక్‌కి అన్నిటికన్నా తక్కువ అంకె పాదాలకే వచ్చింది. ఎర్రరంగు. కారణం చాలా చిన్నది. నర్సు పాదాలు చూసి, నోట్‌లో చివర "కాళ్ళు బాగున్నాయి" అని తన మాటల్లో టైప్ చేసేది. కంప్యూటర్‌కి మాటలు అక్కర్లేదు, గడులు కావాలి. గడిలో టిక్ లేకపోతే చూడనట్టే.

"నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి కాలూ నాకు తెలుసు. నీ మెషీన్ నేను చూడలేదంటోంది," అన్నాడు డాక్టర్. అన్యాయమే. నేను ఒప్పుకున్నాను. పద్ధతి ప్రకారం పదకొండు గడుల ఫారం తయారుచేసి ఇచ్చాను. చర్మం, గోళ్ళు, వాపు, నాడి, స్పర్శ, కుడికి వేరు, ఎడమకి వేరు, చివర తేదీ. రెండు వారాలు వాళ్ళు దానితో కుస్తీ పట్టారు. సాయంత్రానికి పని తెమిలేది కాదు. డాక్టర్ ఒకరోజు నా ముందే కళ్ళజోడు తీసి టేబుల్ మీద పడేసి, "ఇంకొక్క క్లిక్ పెంచావంటే నేను రిటైర్ అయిపోతాను," అన్నాడు. బెదిరింపు కాదు. ఆయన వెళ్ళిపోతే ఆ ఊరికి ఇంకొకరు రారు.

అప్పుడు నేను బటన్ చేశాను. అరగంట పని. దాన్ని ఒకసారి నొక్కితే పదకొండు గడులూ వాటంతటవే నిండిపోతాయి. నోట్‌లో శుభ్రమైన వాక్యాలు కూడా పడతాయి. రెండు పాదాలూ పరీక్ష చేశాం. రెండు పాదాలూ నార్మల్. రెండు పాదాల్లో నాడి అందుతోంది, స్పర్శ ఉంది. తేడా ఉంటే మార్చుకోవచ్చు. నాకు నా తెలివి మీద ఎంత మురిపెమో! డాక్టర్ నా భుజం తట్టాడు.

నర్సు మాత్రం స్క్రీన్ కేసి అనుమానంగా చూసింది. "నేను వంగకముందే చూశానని చెప్పేస్తోందే ఇది."

"చూశాకే నొక్కండి."

"ముందే నొక్కేస్తే ఇక ఎవరు వంగుతారు డాక్టర్?"

నేను నవ్వేశాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ఆవిడ ప్రశ్నకి జవాబు ఐదేళ్ళు మెడిసిన్ చదివిన నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

తర్వాత కొత్త పద్ధతిలో నర్సు అడగాల్సిన ప్రశ్నలు పెరిగాయి. దిగులుగా ఉంటోందా, ఇంట్లో పడిపోయారా, సిగరెట్ మానేశారా. అన్నిటికీ ఎనిమిది నిమిషాలే. ఎవరు ఏ పని చేయాలో నేను గీసిన చార్ట్‌లో బూట్లు విప్పించే పని నర్సు గడిలోంచి డాక్టర్ గడిలోకి జరిగింది. బటన్ మాత్రం నర్సు స్క్రీన్ మీదే ఉండిపోయింది. డాక్టర్ గదిలోకి వచ్చేసరికి పాదాలు చూసినట్టు టిక్ ఉండేది, అందుకని ఆయన చూసేవాడు కాదు. ఎలాగూ డాక్టర్ చూస్తాడు కదా అని నర్సు చూసేది కాదు. వాళ్ళు చూసినన్నాళ్ళూ లెక్కలోకి రాలేదు, లెక్కలోకి వచ్చాక చూడటం మానేశారు. ఎర్రరంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. మా మేనేజర్ ఆ బటన్‌ని మిగతా క్లినిక్కులన్నిటికీ పెట్టించాడు.

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం ఆఫీస్‌లో పెరుగన్నం తింటుంటే నర్సు ఫోన్ చేసింది.

"మన డెయిరీ ఆయన కాలు తీసేశారు. ఎడమది. మోకాలి కింద."

కంచెకి కొట్టే మేకు బూటు అడుగులోంచి పాదంలోకి దిగిందట. ఆయనకి తెలియలేదు. దానిమీదే నడిచాడు, పాలు పితికాడు. మధ్యలో షుగర్ చూపించుకోవడానికి క్లినిక్‌కి కూడా వచ్చాడు. బూట్లు విప్పలేదు. విప్పమని ఎవరూ అనలేదు. వాసన వచ్చేసరికి ఎముకదాకా పాకింది.

"ఆ రోజు బటన్ నొక్కింది నేనే," అంది నర్సు. నేను ఏదో ఒకటి అనాలి కదా. "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేశాక పెరుగన్నం పూర్తిగా తిన్నాను. గుండె గుభేలుమంటుందని ఎదురుచూశాను, అనలేదు. గిన్నె కడిగి పెట్టుకుని మూడింటి మీటింగ్‌కి వెళ్ళాను. ఇంటికి వెళ్ళి చెబితే మావారు, "నువ్వేమైనా ఆయన్ని చూశావా? సాఫ్ట్‌వేర్ డిజైన్ చేశావు, అంతే. మైండ్‌లోంచి తీసేయ్," అన్నారు. తీసేయడానికి మైండ్‌లో ఏదైనా ఉంటే కదా.

అలా చలికాలం గడిచింది. కూతుర్ని స్విమ్మింగ్‌కి దింపాను, ఐదు క్లినిక్కుల రిపోర్టులు పంపాను. శనివారాల్లో ఎడిసన్ వెళ్ళి, మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌లో ములక్కాడలు, గోంగూర తెచ్చాను. వసంతం వచ్చి జనం చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాక, మిఠాయి కొట్టు దగ్గర లైన్లో నిలబడి, ముందున్న అంకుల్స్ పాదాలే చూస్తున్నానని గమనించాను. పగిలిన మడమలు, నల్లబడ్డ గోళ్ళు. వాళ్ళకి ఒక మాట చెబుదామనిపించలేదు. చూశాను, అంతే.

మే నెల రిపోర్ట్‌లో పాదాల అంకె ఎప్పటికన్నా బాగా వచ్చింది. మేనేజర్ ఆ క్లినిక్ గురించి ఒక ప్రెజెంటేషన్ చేయమన్నాడు. పేషెంట్ల జాబితా తెరిచాను. ఆకుపచ్చ వరసల్లో డెయిరీ ఆయన కనిపించాడు. ఏప్రిల్‌లో చెకప్‌కి వచ్చాడు. నోట్ తెరిచాను.

రెండు పాదాలూ పరీక్ష చేశాం. రెండు పాదాలూ నార్మల్. రెండు పాదాల్లో నాడి అందుతోంది, స్పర్శ ఉంది.

ఆ వాక్యాలు నావే. ఎక్కడ కామా పెట్టాలో ఆలోచించి మరీ రాశాను. రెండుసార్లు చదివాను. నర్సుకి ఫోన్ చేస్తే, "ఆ రోజు ఇరవైమంది ఉన్నారు. నొక్కాను. ఆయన ఎదురుగా కూర్చునే ఉన్నాడు. నొక్కాను," అంది.

మేనేజర్ నల్గొండ ఆయన, మంచివాడే. నోట్ చూపిస్తే మొహం పాలిపోయింది. తర్వాత తేరుకున్నాడు.

"బటన్‌ది ఏం తప్పుందండీ? చూడకుండ నొక్కిన్రు. యూజర్ ట్రైనింగ్ ఇష్యూ ఇది. మీరు పర్సనల్‌గ తీస్కోకండి."

"తీసేద్దామండీ ఆ బటన్."

"ఆ ఒక్క క్లినిక్‌ల తీసేయండి. మిగిలినవి టచ్ చేయకండి. కాంట్రాక్ట్ రెన్యూవల్ నడుస్తున్నది."

ఆ ఒక్క క్లినిక్‌లోనే తీసేశాను. మిగిలినవి టచ్ చేయలేదు. నేను ఉద్యోగం మారేదాకా అవి అలాగే ఉన్నాయి. ఇది రాయకుండా మిగతాదంతా రాస్తే అబద్ధమవుతుంది.

జూన్‌లో కొత్త ఫారం చూపించడానికి క్లినిక్‌కి వెళ్ళాను. ఈసారి ఏ గడీ దానంతటది నిండదు. నర్సు బూట్లు విప్పించే పని మళ్ళీ తన గడిలోకే లాక్కుంది. ఆ రోజు డెయిరీ ఆయనకి అపాయింట్‌మెంట్ ఉంది. ఎడమకి కట్టుడుకాలు, కుడికి రబ్బరు బూటు. ఆవుల్ని అమ్మేశాడట. కొన్నవాడు మంచివాడే అన్నాడు. పొద్దున నాలుగింటికి మెలకువ వస్తుంది, లేచి ఏం చేయాలో తెలియదు అన్నాడు. బరువు తగ్గాడు. గొంతులో ఆ వెటకారం లేదు.

ఆయనకి చెప్పాను. "ఆ బటన్ చేసింది నేనేనండీ. దానివల్లే మీ కాలు ఎవరూ చూడలేదు."

"మేకు దిగినట్టు నాకే తెలియలేదు. నీకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

అలాంటివి తెలుసుకోవడానికే నేను చదువుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

నర్సు నేలమీద కూర్చుని ఆయన కుడిబూటు లాగి, సాక్ తీసింది. స్పర్శ చూడటానికి ఒక నైలాన్ దారం ఉంటుంది, చేపల గాలానికి కట్టేదానిలా సన్నగా, కాస్త బిరుసుగా. పాదం మీద పదిచోట్ల దాన్ని ఆనించి, అది వంగేదాకా నొక్కాలి. పేషెంట్ కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పాలి. ఒక్కోచోటికీ ఒక గడి.

"తగిలినప్పుడు 'ఆఁ' అను," అంది నర్సు. ఆయన కళ్ళు మూసుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

నర్సు బొటనవేలికి ఆనించి నా వైపు చూసింది. ఆయన ఏమీ అనలేదు. నేను 'లేదు' అని టైప్ చేశాను. మూడోవేలు, చిటికెనవేలు. లేదు, లేదు. వేళ్ళ మొదట్లో మూడుచోట్ల, అరికాలి మధ్య రెండుచోట్ల. గదిలో నా కీబోర్డ్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మడమ. పాదం పైన. ప్రతిసారీ దారం పూర్తిగా వంగింది. పదో గడి కూడా నింపాను. నర్సు దారం కిందికి దించి, అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"నేను రెడీ," అన్నాడు. "ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు."